ఊడిపోయే పళ్లే కదా!

మొన్న ఓ బారసాలలో మా మేనకోడలి కొడుకు, మూడేళ్లవాడు, నన్ను చూసి నవ్వాడు. పైవరసలో ముందు నాలుగు పళ్లూ గోధుమరంగు మోళ్లలా ఉన్నాయి.

"చాక్లెట్లు బాగా పెడుతున్నావా అమ్మా?"

"ఒక్కటి కూడా పెట్టను మావయ్యా. పాలసీసా నోట్లో ఉంటేగాని నిద్రపోడు, అంతే."

దొరికింది దొంగ. నిద్రలో నోట్లో లాలాజలం బాగా తగ్గుతుంది. పంచదార పాలు పైపళ్లను పట్టుకుని తెల్లవార్లూ ఉండిపోతాయి. కిందివాటికి నాలుక అడ్డం కాబట్టి అవి బతికిపోతాయి. పుచ్చు పట్టేముందు చిగురు అంచున సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి చార కనిపిస్తుంది. అప్పుడు పట్టుకుంటే పన్ను కోలుకుంటుంది. గుంట పడ్డాక డాక్టరు కుర్చీ ఎక్కాల్సిందే. నెలకోసారి పిల్లాడి పైపెదవి ఎత్తి చూడటం ఎంతసేపు పని?

ఇంతలో పక్కనున్న పెద్దావిడ తేల్చేసింది: "ఊడిపోయే పళ్లే కదా!"

ముందు పళ్లు ఆరేడేళ్లకే ఊడతాయి, నిజమే. పాలదవడపళ్లు మాత్రం పది పన్నెండేళ్ల దాకా ఉండాలి. ముందే పోతే పక్కపళ్లు ఆ జాగాలోకి జరిగి, రావలసినదానికి చోటుండదు.

ఇక పేస్టు. ప్రకటనల్లో బ్రష్షు పొడవునా పాము పడుకున్నట్టు వేస్తారు, అమ్ముకునేవాళ్లు కదా. మూడేళ్లలోపు బియ్యపుగింజంత, ఆరేళ్లలోపు బఠాణీగింజంత చాలు. ఫ్లోరైడ్ ఉన్నదే వాడాలి. నల్లగొండ తలుచుకుని భయపడేవాళ్లున్నారు. అక్కడ ఎముకలను వంచింది ఏళ్ల తరబడి తాగిన ఫ్లోరైడ్ నీళ్లు, ఉమ్మేసే పేస్టు కాదు. ఏడెనిమిదేళ్ల దాకా తోమాల్సింది పెద్దవాళ్లే. పిల్లల చేతికే వదిలేస్తే బ్రష్షు నమలడంతో సరి.

అసలు మోసం ఆరేళ్లకు జరుగుతుంది. ఏ పన్నూ ఊడకుండానే, పాలపళ్ల వరస చివర ఓ దవడపన్ను గుట్టుగా మొలుస్తుంది. జీవితాంతం ఉండాల్సిన పన్ను అది. మనమేమో పాలపన్నే అనుకుంటాం. నా కింది దవడలో ఎడమవైపు లేనిది అదే. ఎనిమిదో ఏట పుచ్చితే, "మళ్లీ వస్తుందిలే" అని నాన్న పీకించారు. దాన్ని పేడలో పెట్టి పెంకుటింటి మీదికి నా చేతే విసిరించారు కూడా.

ఆ పెంకుటిల్లు పోయి డాబా లేచింది. పన్ను మాత్రం ఇంకా రాలేదు.