తీరమందలి కళాశాలలలో రసాయనశాస్త్రపు చదువు

రాష్ట్ర ఉన్నత విద్యామండలి అధ్యక్షులవారికి,



రసాయనశాస్త్రమా, సముద్రశాస్త్రమా అని తేల్చుకొనలేక సతమతమగు విద్యార్థులు, విశాఖ, కాకినాడ, మచిలీపట్నము వంటి తీరపట్టణములలో ఏటేట నన్ను సలహా యడుగుచున్నారు. సముద్రశాస్త్రమునకు పునాది రసాయన, భౌతిక, గణిత, జీవశాస్త్రములే గనుక, తొలిపట్టము రసాయనమున గైకొని, సముద్రమును పైచదువునకు ఉంచుకొనుట మేలని నా దృఢవిశ్వాసము; అయితే ఆ సంవత్సరములన్నియు సముద్రమునకు పెడమొగమై గడచుట సహింపరానిది. 1952లో లాఫాండు అను అమెరికను శాస్త్రజ్ఞుడు వచ్చి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున సముద్రపరిశోధనకు ఊతమిచ్చిన తీరమిది!

ఒకే మేజరు, దానికి తోడు మైనరు అను పద్ధతిలో, రసాయనము మేజరుగా, సముద్రశాస్త్రము మైనరుగా చదువు వీలు తీరమందలి ప్రతి ప్రభుత్వ కళాశాలలోను కల్పింపుడని నా ప్రార్థన.

ఇందులకు ఓడలక్కరలేదు. రేవునీటిని గాలిబుడగ చొరకుండ సీసాకు నింపి, అక్కడికక్కడే మాంగనీసు లవణమును, క్షారయుక్తమగు అయొడైడును చేర్చినచో, కరిగియున్న ప్రాణవాయువు కొలదిని గోధుమవన్నె అవక్షేపము దిగును. ప్రయోగశాలలో ఆమ్లము పోయగా నది కరిగి అయొడీను వెలువడును. పిమ్మట బ్యూరెట్టు నుండి హైపోను జార్చుచు, పిండిద్రావణము కలుపగా వచ్చిన నీలము ఒక్క బొట్టుతో మాయమగు క్షణమున, చేపలకు ఊపిరియైన వాయువు లెక్క విద్యార్థి చేతికి వచ్చును. గోదావరి వరదకు ముందును పిదపను లవణీయతను కొలిచినచో, నదికిని కడలికిని గల సంబంధమును వాడు స్వయముగ గ్రహించును.

వచ్చు ప్రవేశములకు ముందే ఉత్తర్వు వెలువరింప వేడుచున్నాను.

భవదీయుడు,
ఒక రసాయనశాస్త్రోపాధ్యాయుడు