అమ్మీ పేరు మారలేదు

అబ్బా ఇంతెఖాల్ అయిన రెండో నెలలో ఫ్యామిలీ పెన్షన్ కాగజాత్ పట్టుకుని ఓ దఫ్తర్‌కి వెళ్లాను. అమ్మీ ఇంకా ఇద్దత్‌లో ఉంది. అబ్బా సర్వీస్ రిజిస్టర్‌లో ఆమె పేరు చివర ‘బీ’ అని ఉంది. రేషన్ కార్డులో ‘బేగం’. ఆధార్‌లో ‘ఉన్నిసా’, అదీ రెండు ముక్కలుగా విరిగి. గుమాస్తా మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ‘ముగ్గురా? మీవాళ్లలో నడుస్తుందిలెండి’ అని నవ్వాడు. పక్క కుర్చీ ఆయనా నవ్వాడు. ఆ మజాక్ గురించి ఇంట్లో చెప్పలేదు.

అసలు పేరులో ఉన్నది ఉన్నిసాయే. బీ, బేగం ఇజ్జత్ కోసం తగిలించే మాటలు, తెలుగులో ‘అమ్మ’, ‘గారు’ లాగా. రాసేవాళ్లు ఎవరికి తోచింది వాళ్లు రాశారు. గుమాస్తా సాబ్ మాత్రం ‘పేరు మార్చుకున్నట్టు గెజిట్ తెండి’ అన్నాడు. నా తక్రార్ అంతా ఆ ‘మార్చుకున్నట్టు’ అనే మాట మీదే.

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. ముహమ్మద్ అంటే మీమ్, హే, మీమ్, దాల్. నాలుగే హర్ఫులు. మా బడి హాజరీ పట్టీలో ఆ పేరుకి ఎన్నడూ గల్తీ పడలేదు. డిగ్రీ తెలుగులో చదివాను, అక్కడా పెద్ద పేచీ లేదు. ఇంగ్లిష్‌లోకి దిగేసరికి అదే పేరు ఒక కార్డులో ఎండీ, ఇంకో కార్డులో మొహ్‌డ్, మూడో దాంట్లో పూర్తిగా, అదీ రకరకాల అచ్చులతో. అమెరికా వెళ్లిన మా దోస్త్‌ని అక్కడ ‘నువ్వు డాక్టరువా’ అని అడిగారట!

దానికి తోడు ఫారంలో ‘ఇంటిపేరు’ అనే గడి. గుంటూరు వైపు షేక్‌ని ఇంటిపేరులా ముందు పెట్టుకుంటారు. మా హైదరాబాద్ గల్లీల్లో చాలామందికి ఇంటిపేరే లేదు. ఖాళీగా వదిలితే కంప్యూటర్ ఒప్పుకోదని అక్కడి కుర్రాడు ఏదో ఒకటి కొట్టేస్తాడు. ఆధార్‌లో పేరు జిందగీలో రెండుసార్లే మార్చుకోనిస్తారు. తప్పు కొట్టేవాడికి మాత్రం ఏ హద్దూ లేదు.

సరే, తిరగడం మొదలెట్టాను. నోటరీ ముందు హలఫ్‌నామా, పేపర్లో ప్రకటన, దరఖాస్తు, ఫీజు, ఆ తర్వాత గెజిట్. తెలంగాణ గెజిట్ చంచల్‌గూడ ప్రభుత్వ ముద్రణాలయం సంగతి. (చంచల్‌గూడ అనగానే అమ్మీ ‘జైల్ కే బాజూ?’ అని గాభరాపడింది.) హలఫ్‌నామా చదివి వినిపించాను: ఇంతకుముందు ఫలానా బీ అనబడే నేను ఇకపై ఫలానా ఉన్నిసాగా పిలవబడుదును. అమ్మీ కలం కింద పెట్టేసింది. ‘మై కబ్ బద్‌లీ? నామ్ తో ఏకీచ్ హై నా బేటా!’ డెబ్బై ఏళ్ల మనిషి చేత అబద్ధం మీద కసమ్ తినిపిస్తున్నానని అప్పుడు తట్టింది. అయినా సంతకం పెట్టించాను. పెన్షన్ కావాలి మరి.

నౌకరీలో చేరిన కొత్తలో నేను ఇలాంటి క్లాసిఫైడ్స్ పేజీకే ప్రూఫులు దిద్దేవాణ్ణి. అందులో మనవాళ్ల పేర్లు ఎన్నో. ఇంతమంది పేర్లెందుకు మార్చుకుంటున్నారో అనుకునేవాణ్ణి! అమ్మీ ప్రకటన అచ్చయిన రోజు చూద్దును కదా, దాంట్లో నాలుగో స్పెల్లింగ్. మళ్లీ డబ్బు కట్టి మళ్లీ వేయించాను.

నిజంగా పేరు మార్చుకునేవాళ్లున్నారు. న్యూమరాలజీ కోసం ఒక అక్షరం కలుపుకునేవాళ్లు, కొత్త జీవితానికి కొత్త పేరు పెట్టుకునేవాళ్లు. వాళ్లకు గెజిట్ సబబే. 2021లో జిగ్యా యాదవ్ కేసులో సుప్రీంకోర్టు పేరు మీద మనిషికున్న హక్కును భావప్రకటనా స్వేచ్ఛలో భాగమంది. అది సీబీఎస్ఈ సర్టిఫికెట్ల తగాదా. అందులోనే ‘దిద్దుబాటు’ వేరు, ‘మార్పు’ వేరు అని కోర్టు విడదీసింది. ఆ ఫరక్ దఫ్తర్ల కౌంటర్ల దాకా దిగలేదు. దఫ్తర్ చేసిన గల్తీని నికాహ్‌నామానో, బడి రిజిస్టరో చూసి దఫ్తరే ముఫ్త్‌గా దిద్దాలి. ఉర్దూ పేరు పక్కనే ఉర్దూలో రాసుకుంటే సగం తగాదాలు అక్కడే ఆగుతాయి. ‘ముందే చూసుకోవద్దా?’ అంటారు కొందరు. ఇంగ్లిష్ రాని మనిషి ఏం చూసుకుంటుంది జనాబ్?

పెన్షన్‌తో అయిపోయే సంగతి అయితే ఇంత రాయకపోదును. 2019లో అస్సాం ఎన్‌ఆర్‌సీ జాబితాలో 19 లక్షల మందికి పైగా పేర్లు లేకుండా పోయాయి. కాగితానికీ కాగితానికీ పేరు కలవక చిక్కుకున్నవాళ్ల కథలు అప్పట్లో డెస్క్ మీద నేనే ఎడిట్ చేశాను. అప్పటి నుంచి మా మొహల్లాలో ఎవరింటికెళ్లినా ప్లాస్టిక్ కవర్లో కాగజాత్ సర్ది పెట్టుకుని ఉంటున్నారు.

గెజిట్ చేతికొచ్చింది. అమ్మీకి ఇంగ్లిష్ రాదు. తన పేరున్న చోట వేలు పెట్టించుకుని ‘సహీ హై నా?’ అంది. ప్రూఫ్ రీడర్ని కదా, ఒక్కో అక్షరం మీద పెన్ను ఆనించి మూడుసార్లు చూశాను.