పాత సిగ్నల్ దీపాలను చిల్లరగానూ అమ్మండి

రెండు జర్మనీలూ ఒకటయ్యాక తూర్పు బెర్లిన్ వీధుల్లోని పాదచారుల సిగ్నళ్లను ఊడబీకి, పశ్చిమ జర్మనీ నమూనావి బిగించడం మొదలుపెట్టారు. పాత దీపాల్లో టోపీ పెట్టుకున్న బొద్దు మనిషి బొమ్మ ఉండేది. ట్రాఫిక్ మనస్తత్వ నిపుణుడు కార్ల్ పెగ్లావ్ 1961లో రూపొందించిన బొమ్మ అది. తుక్కులోకి పోతున్న ఆ సిగ్నళ్లను మార్కుస్ హెక్‌హౌజెన్ అనే డిజైనర్ 1996లో సంపాదించి, ఇంట్లో పెట్టుకునే దీపాలుగా మలిచాడు. జనం ఎగబడ్డారు. బొమ్మను కాపాడాలని ఉద్యమమే నడిచింది. ఇవాళ ఆ టోపీ మనిషి ఒకప్పటి పశ్చిమ బెర్లిన్ కూడళ్లలోనూ కనిపిస్తాడు.

మన నగరాల్లో కూడలి వెడల్పు చేసినా, ఫ్లైఓవర్ కట్టినా, కొత్త సిగ్నల్ వ్యవస్థ తెచ్చినా పాత దీపాల గతి దాదాపు ఒక్కటే. యార్డులో ఎండకు ఎండి, వానకు తడిసి, చివరికి మిగతా తుక్కుతో కలిసి లాటుగా వేలానికి వెళ్తాయి. లాటు పాడుకోగలిగేది టోకు వ్యాపారే. ఒక్క దీపం చాలనుకునే గృహస్థుకు, పిల్లలకు విప్పి చూపిద్దామనుకునే ఐటీఐ మాస్టారుకు అక్కడ చోటు లేదు. నగరపాలక సంస్థలు వాళ్లకూ దారి చూపాలి.

అమెరికాలో ఇలాంటి సరుకు బయటికి రావడానికి పెద్ద కారణం ఎల్‌ఈడీ. పన్నెండు అంగుళాల అద్దం వెనక ఒకప్పుడు 100 వాట్లకు మించిన ఫిలమెంటు బల్బు వెలిగేది. అదే పనిని ఎల్‌ఈడీ 10, 15 వాట్లతో చేసేస్తుంది. 2005 నాటి ఇంధన చట్టం సిగ్నల్ దీపాలకు పొదుపు ప్రమాణాలు విధించడంతో పాత బల్బుల కాలం చెల్లింది. మూలపడ్డ పోత అల్యూమినియం పెట్టెలు ఎన్నో ఇళ్ల గ్యారేజీలకూ, సేకర్తల గదులకూ చేరాయి.

పెట్టె విప్పి చూస్తే అంత బ్రహ్మవిద్యేమీ కాదు. రంగుకో గది, గదికో తలుపు. తలుపు అంచున రబ్బరు గ్యాస్కెట్, లోపల రిఫ్లెక్టర్, దాని నడుమ బల్బు హోల్డర్. మూడు హోల్డర్ల నుంచి మూడు ఫేజు తీగలు, అన్నిటికీ కలిపి ఒకే న్యూట్రల్ వచ్చి కనెక్టర్ పట్టీ దగ్గర కలుస్తాయి. ఏ దీపం ఎప్పుడు వెలగాలో ఈ పెట్టెకు తెలియదు. ఆ బుర్ర కూడలి పక్కన నిలబెట్టిన కంట్రోలర్‌ది. ఒకదానికొకటి అడ్డొచ్చే రెండు దారులకు ఒకేసారి పచ్చదీపం వెలిగే పరిస్థితి వస్తే అన్నిటినీ బ్లింకింగ్‌లోకి నెట్టే కాపలా సర్క్యూట్ కూడా అక్కడే ఉంటుంది. ఇంట్లో అంత హంగామా అక్కర్లేదు. ఒక చిన్న మైక్రోకంట్రోలర్, మూడు రిలేలు చాలు. మామూలు రిలే దీపం మారినప్పుడల్లా టిక్కుమంటుంది కాబట్టి పడకగదికైతే సాలిడ్ స్టేట్ రిలే నయం.

అసలు ప్రమాదం తీగల రంగుల్లో ఉంది. మన ఇళ్లలో పచ్చ తీగ అంటే ఎర్త్. సిగ్నల్ పెట్టెల్లో మాత్రం చాలాసార్లు ఏ రంగు దీపానికి ఆ రంగు తీగే వాడతారు. అంటే అక్కడి పచ్చ తీగలో కరెంటు పారుతుంది. అలవాటు కొద్దీ దాన్ని ఎర్త్ అనుకుని అల్యూమినియం ఒంటికి బిగిస్తే, ముట్టుకున్నవాళ్లకు షాకే. కాబట్టి రంగును నమ్మకుండా ప్రతి తీగనూ మల్టీమీటర్‌తో చూసుకోవాలి. పెట్టెకు విడిగా ఎర్త్ ఇచ్చి, మూడు పిన్నుల ప్లగ్ పెట్టి, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్న లైన్ మీదే నడపాలి. అమెరికా నుంచి మోజుపడి తెచ్చుకున్న సిగ్నల్‌లోని 120 వోల్టుల బల్బు మన 230 వోల్టులకు క్షణంలో మాడిపోతుంది. ఎల్‌ఈడీ సిగ్నళ్లలో కొన్ని తక్కువ వోల్టుల డీసీ మీద పనిచేస్తాయి. వెనక అంటించిన లేబుల్ చదవకుండా వాటికి కనెక్షన్ ఇవ్వకూడదు.

ఇంకో ముచ్చట. పాత గాజు పచ్చద్దంలో నిజానికి కాస్త నీలం కలిసి ఉంటుంది. ఫిలమెంటు బల్బు పసుపు వెలుగును లెక్కలో పెట్టుకుని దాన్ని అలా చేశారు. లోపల తెల్లటి ఎల్‌ఈడీ బిగిస్తే అద్దం నీలంగా కొడుతుంది. వార్మ్ వైట్ పెడితే వీధిలో చూసిన పచ్చదనానికి దగ్గరగా వస్తుంది. వోల్టేజీ, ఎర్తింగ్, కాంతి, ప్రోగ్రామింగ్ ఒకే పెట్టెలో చూపించే ఇలాంటి బోధన పరికరాన్ని కరిగించి దిమ్మె చేస్తే ఏం లాభం?

చిల్లరగా అమ్మితే దొంగతనాలు పెరుగుతాయని అధికారులు అనొచ్చు. రశీదు ఇచ్చి అమ్మే చోటు లేనప్పుడే దొంగ సరుకుకు గిరాకీ. దొంగసొత్తని తెలిసీ కొనడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. కానీ ఇవాళ పాత సామాన్ల దుకాణంలో సిగ్నల్ దీపం కొనే మనిషికి అది వేలంలో వచ్చిందో, స్తంభం మీంచి ఊడదీసిందో తేల్చుకునే దారి లేదు. అమ్మే ప్రతి పెట్టె మీదా సంఖ్య చెక్కి, రశీదులో అదే సంఖ్య రాస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. రోడ్డుకు కనిపించే బాల్కనీలో వెలిగించి వాహనదారులను తికమకపెట్టనని కొనేవారి చేత హామీ పత్రం కూడా రాయించుకోవచ్చు.

ఖజానాకూ ఇది నష్టం బేరం కాదు. లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ 2021లో తన పాత వీధి పేర్ల పలకలను విడివిడిగా వేలం వేస్తే, బీటిల్స్ పుణ్యమా అని పేరుమోసిన అబీ రోడ్ పలక ఒక్కటే 37 వేల పౌండ్లు దాటింది. మన కూడలి దీపాలకు అంత ధర రాకపోవచ్చు, తూకం ధర కన్నా ఎక్కువే వస్తుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం నగరపాలక సంస్థలు వచ్చే తుక్కు వేలానికి ముందే పని మొదలుపెట్టొచ్చు. బాగున్న పెట్టెలను ఏరి, ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించి, ముందుగా ఐటీఐలకూ పాలిటెక్నిక్‌లకూ ఉచితంగా ఇవ్వాలి. మిగిలినవి నిర్ణీత ధరకు, వైరింగ్ పటం అచ్చేసిన కాగితంతో సహా పౌరులకు అమ్మాలి. అప్పటికీ ఎవరూ కొనని వాటిని లాటులో వేస్తే అభ్యంతరం ఎవరికి?