ఓటు వచ్చింది, పొలం రాలేదు

సైన్సు చదివేవాడికి చరిత్రతో పనేమిటని మిత్రులు నవ్వవచ్చు. కానీ 2024 మే నెలలో మా అవ్వను పోలింగు బూతుకు పిలుచుకొని పోయినప్పటి నుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. జాబితాలో తన పేరు చదవగానే అవ్వ ముఖం వెలిగింది. ఇంటికొచ్చేటప్పుడు, "ఆ పుస్తకంలో నా పేరుండాది సరే, పొలం పుస్తకంలో ఎందుకు లేదురా?" అని అడిగింది. చిన్ననాటి నుంచి చేలోనే వంగి పనిచేసిన మనిషికి ఏమని చెప్పేది? లైబ్రరీలో వెదికాను. తేలిందేమంటే, మన దేశంలో ఆడవాళ్ల ఓటుకూ, పొలానికీ మొదటి నుంచే ముడి ఉంది.

ఈ కథ మనకు దూరంది కాదు. మదనపల్లెలో కాపురమున్న ఐర్లండు వనిత మార్గరెట్ కజిన్స్ 1917లో భారతమంత్రి మాంటేగుకు అర్జీ పెట్టబోయారు. మొదట ఆమె అడగదలచింది ఆడపిల్లల చదువు గురించి. రాజకీయ విషయాలైతేనే వింటామని జవాబు రావడంతో ఓటు సంగతి చేర్చారట! ఆ సంవత్సరం డిసెంబరులో సరోజినీ నాయుడు నాయకత్వంలో స్త్రీల బృందం మద్రాసులో మాంటేగును కలిసింది. తర్వాత వచ్చిన సౌత్‌బరో కమిటీ, దేశ పరిస్థితులు ఇందుకు ఇంకా అనుకూలించవని తోసిపుచ్చింది. 1919 చట్టం ఆ నిర్ణయాన్ని రాష్ట్రాల శాసనమండళ్లకు వదిలేసింది. 1921 ఏప్రిల్‌లో మద్రాసు శాసనమండలి, బ్రిటిషు ఇండియా రాష్ట్రాలన్నిటికంటే ముందుగా, స్త్రీలకు ఓటు ఇవ్వాలని తీర్మానించింది. మన అనంతపురం జిల్లా అప్పుడు మద్రాసు రాజధానిలోదే. ఫ్రాన్సులో స్త్రీలకు ఈ హక్కు 1944లో, స్విట్జర్లాండులో జాతీయ ఎన్నికలకు 1971లో వచ్చిందంటే మనం గర్వపడవలసిందే.

అయితే ఆ ఓటు ఎవరికి? నిర్ణయించినంత శిస్తు కట్టే భూమి గానీ, పన్ను కట్టే ఇల్లు గానీ ఉన్నవాళ్లకు. మగవాళ్లకూ అదే నియమం, కాదనను. కానీ పట్టా ఎవరి పేరున ఉండేది? చట్టం తలుపు తీస్తే, పట్టా గడప దగ్గరే నిలిపేసింది. 1935 చట్టం మగని ఆస్తిని చూసి భార్యకు ఓటిచ్చింది. దాన్ని హక్కనాలో, మెహర్బానీ అనాలో పెద్దలే చెప్పాలి.

రాజ్యాంగం వచ్చాక ఆస్తి షరతు పోయింది. అయినా 1951-52 ఎన్నికలకు ముందు, 'ఫలానావాడి పెళ్లాం' అని తప్ప సొంత పేరు చెప్పలేదని దేశంలో దాదాపు 28 లక్షల మంది స్త్రీలను జాబితాలో నుంచి తీసేశారు.

ఇక పొలం సంగతి. హిందూపురం నుంచి ఎన్నికైన ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా, 1986లో మన రాష్ట్రం ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది. 1985 సెప్టెంబరు 5కు ముందే పెళ్లయినవాళ్లకు అది దక్కలేదు. 2005లో కేంద్రం దేశమంతటికీ కూతుళ్ల హక్కును వర్తింపజేసింది. చట్టం ఉంది, సరే! హిందూపురంలో చింతపండు గింజ తీసేదెవరు? ధర్మవరం మగ్గం పక్కన కండెలు చుట్టేదెవరు? పెనుకొండ చుట్టూ చేలల్లో చెనిక్కాయ వలిచేదెవరు? ఎక్కువగా ఆడవాళ్లే. కానీ రైతు ఎవరంటే మగవాడే, నేతగాడు ఎవరంటే మగవాడే.

ఉన్న నాలుగెకరాలు తుంచితే ఏం మిగులుతుందని కొందరంటారు. అన్నదమ్ములు పంచుకునేటప్పుడు ఈ లెక్క ఎవరికీ గుర్తు రాదు. కట్నం ఇస్తాం కదా అనేవాళ్లూ ఉన్నారు. ఇవ్వకూడదని చట్టం చెప్పినదాన్ని ఇచ్చి, ఇవ్వమన్నదాన్ని ఎగ్గొట్టడం ఏమి న్యాయం?

మాటలు చెప్పడం సులభం, మాకూ తాతల నాటి ఆరెకరాల మెట్ట ఉంది, ఇంటర్ చదివే చెల్లెలుంది. పోయిన సంక్రాంతి సెలవుల్లో నాయనతో అన్నాను, సగం దానిదే కదా అని. నాయన చాలాసేపు మాట్లాడలేదు. "నీ వాటా తగ్గుతాది, తెలుసునా?" అన్నాడు. తెలుసునన్నాను, గొంతు కాస్త తడబడిన మాట నిజమే. అరుగు మీద చెనిక్కాయలు వలుస్తున్న అవ్వ తల ఎత్తకుండానే అంది: "మీరిద్దరే మాట్లాడుకుంటే ఎట్లరా? పాపను పిలవండి."