అనుమానానికి ముందు నాలుగు పరీక్షలు

విశాఖపట్నంలో ఓడరేవుకు చేరువగా, దర్గా కొండ పరిసర వీధులలో కాపురముండే వారికి ఒక సంగతి బాగా తెలుసు. ఉదయం తుడిచిన కిటికీ గూటిలో సాయంత్రం వేలు పెట్టి రాస్తే నల్లని పొడి అంటుతుంది. రేవులో ఎగుమతి దిగుమతులు జరిగే బొగ్గు, ఇనుప ఖనిజాల ధూళి అది. దానికి సముద్రపు ఉప్పుతేమ తోడవుతుంది. గిన్నెలు, గుమ్మాలు, పుస్తకాలు అన్నీ తుడుస్తాము. ఇంట్లో మేము ఏనాడూ తుడవని చోటు ఒకటుండేదని, అదే ఒక మంచి యువకుని మీద మాచేత నింద మోపించిందని ఇటీవలే తెలుసుకున్నాము.

మా ఇంట్లో ఏడేళ్ల నాటి డెస్క్‌టాప్ కంప్యూటర్ ఉన్నది. అందులో 4 జీబీ ర్యామ్. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి ఆన్‌లైన్ పాఠం వింటూ లెక్కల ఫైలు తెరిస్తే చాలు, యంత్రం మొరాయించేది. కొత్తది కొనే స్తోమత లేదు. మా వీధిలోని యువకుడొకడు ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు పనికి వెళుతూ, తీరిక వేళల్లో కంప్యూటర్లు బాగుచేస్తుంటాడు. అతడు వాడిన 4 జీబీ ర్యామ్ స్టిక్ ఒకటి తక్కువ ధరకు తెచ్చి, ఖాళీగా ఉన్న రెండవ స్లాట్‌లో అమర్చాడు. స్విచ్ వేయగానే ఫ్యాన్ తిరిగింది. తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. లోపలినుండి పొడవైన ‘బీప్’ శబ్దాలు ఆగకుండా వచ్చాయి. డ్యూటీకి వేళయిందని, తిరిగి వచ్చి చూస్తానని చెప్పి అతడు వెళ్లిపోయాడు.

మరునాడు అతడు రాలేదు. ఇంట్లో మాటలు మొదలయ్యాయి. “పాడైపోయిన ముక్క మనకు అంటగట్టాడు” అన్నది అమ్మీ. మేమూ కాదనలేదు. అంతటితో ఆగితే బాగుండేది. టీ దుకాణం వద్ద ఇద్దరు పరిచయస్థులతో, “అతనికి పని అప్పగించేముందు ఆలోచించుకోండి” అని కూడా అనేశాము.

మూడవనాడు డ్యూటీ దిగి అతడు నేరుగా మా ఇంటికే వచ్చాడు. మా ముఖాలు చూసి విషయం గ్రహించినట్టున్నాడు. “చాచా, స్టిక్ మంచిదేనని నేను ఒట్టేసి చెప్పను. మీ ముందే విడివిడిగా పెట్టి చూద్దాం. తప్పు దానిదైతే మీ డబ్బు మీకు తిరిగిచ్చేస్తాను” అన్నాడు.

అతడు చేసిన పని పాఠకులందరికీ పనికివస్తుంది. ముందుగా ప్లగ్‌ను గోడనుండి పూర్తిగా తీసి, పవర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి ఉంచి, మిగిలిన విద్యుత్తును పోగొట్టాడు. క్యాబినెట్‌లో రంగు వేయని ఇనుప భాగాన్ని చేతితో తాకాడు. ఒంటిలోని స్థిర విద్యుత్తు చిప్‌లను దెబ్బతీయకుండా ఇది జాగ్రత్త. ఆపై, “స్టిక్‌లు రెండు, స్లాట్‌లు రెండు. కాబట్టి పరీక్షలు నాలుగు. ఒకసారికి ఒక్కటే మార్చాలి” అన్నాడు.

పాత స్టిక్ మొదటి స్లాట్‌లో: కంప్యూటర్ తెరుచుకున్నది. కొత్త స్టిక్ అదే మొదటి స్లాట్‌లో: తెరుచుకున్నది! మేము తలలు దించుకున్నాము. కొత్త స్టిక్ రెండవ స్లాట్‌లో: నల్లని తెర, అవే శబ్దాలు. ఇక నమ్మకమైన మా పాత స్టిక్‌ను రెండవ స్లాట్‌లో పెట్టాడు. దానికీ అదే గతి పట్టింది. దోషం స్టిక్‌ది కాదు, మా స్లాట్‌దే. ఏడేళ్లు ఖాళీగా పడి ఉన్న ఆ సందులో టార్చి వేసి చూస్తే రేవు ధూళి తేమతో కలిసి పేరుకుపోయి కనిపించింది.

మెత్తని బ్రష్‌తో, బ్లోయర్‌తో ఆ స్లాట్‌ను శుభ్రం చేశాడు. స్టిక్ అంచున ఉన్న బంగారు పూత కొనలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన నూలు రాలని గుడ్డతో తుడిచి, ఆరనిచ్చాడు. చాలామంది పెన్సిల్ రబ్బరుతో రుద్దుతారు. గట్టిగా రుద్దితే పలుచని ఆ పూత అరిగిపోతుంది. తర్వాత స్టిక్‌లోని గాడిని స్లాట్‌లోని గట్టుతో సరిచూసి, రెండు కొసలనూ సమంగా నొక్కాడు. కొక్కెం టక్కున పడింది. ఈసారి రెండు స్టిక్‌లతో యంత్రం లేచింది.

అయితే తెర మీద 8 జీబీ అని చూపుతూనే, వాడకానికి వచ్చేది మూడున్నర లోపేనని విండోస్ చెప్పింది. ఇదీ మోసం కాదు. మాది 32 బిట్ విండోస్. అది లెక్కపెట్టగల చిరునామాలు సుమారు 4 జీబీకే సరిపోతాయి. అందులోనూ కొంత ఇతర భాగాలకు పోతుంది. మా ప్రాసెసర్ 64 బిట్‌కు తగినదే గనుక, అమ్మాయి ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లో భద్రపరచి 64 బిట్ విండోస్ ఎక్కించాడు. ఆ రాత్రంతా మెమ్‌టెస్ట్86 నడిపించాడు. అందులో ఒక్క తప్పు కనిపించినా ఆ స్టిక్‌ను నమ్మకూడదట. ఒక్కటీ రాలేదు.

కొనేముందు కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి. డెస్క్‌టాప్ డీడీఆర్3 స్టిక్‌కు 240 పిన్‌లు, డీడీఆర్4కు 288. గాడి స్థానం కూడా వేరు. ఒకదాని చోట మరొకటి పట్టదు, బలవంతం చేయరాదు. ల్యాప్‌టాప్ స్టిక్ పొట్టిది, డెస్క్‌టాప్‌లో అమరదు. వేగాలు వేరైన రెండింటిని కలిపితే సాధారణంగా రెండూ తక్కువ వేగంతోనే నడుస్తాయి. ఒకే స్టిక్ ఉన్నప్పుడు దానిని ఏ స్లాట్‌లో పెట్టాలో, ఏ బీప్‌కు ఏ అర్థమో మదర్‌బోర్డు పుస్తకంలో చూడాలి. ఆ సంకేతాలు తయారీని బట్టి మారుతాయి. మా వంటి తీరప్రాంతాల వారు ఏడాదికి ఒకటి రెండు సార్లయినా క్యాబినెట్ తెరిపించి దుమ్ము తీయించుకోవడం మేలు.

యంత్రం బాగుపడింది. మేము అన్న మాట మాత్రం ఇంకా టీ దుకాణంలోనే ఉన్నది. ఆ సాయంత్రమే అక్కడికి వెళ్లి, ఆ ఇద్దరినీ వెతికి, “తప్పు మా స్లాట్‌ది, ఆ అబ్బాయిది కాదు” అని చెప్పాము. ఒకరు నవ్వారు. రెండవవారు, “అయ్యో, ఈ మాట నేను మరొకరికి చెప్పేశానే” అన్నారు. ఆ మూడవ మనిషి ఇంటికీ వెళ్లాము. స్లాట్‌లో చేరిన ధూళిని పది నిమిషాలలో తుడవగలిగాము. ఒకరి పేరు మీద మేము చల్లిన ధూళిని తుడవడానికి మూడు ఇళ్లు తిరగవలసి వచ్చింది.