ఒంటిని ఒప్పించిన మట్టి

కిడ్నీ మార్పిడికి ముందు పోలీస్ స్టేషన్‌కు వెళ్లాల్సిన పనేమిటి?

1954లో అమెరికాలోని బోస్టన్‌లో ఇద్దరు అన్నదమ్ములు అలాగే వెళ్లారు. నేరమేమీ చేయలేదు. వేలిముద్రలు ఇచ్చి వచ్చారంతే. రిచర్డ్ హెరిక్, రొనాల్డ్ హెరిక్... ఇరవై మూడేళ్ల కవలలు. రిచర్డ్‌కు రెండు కిడ్నీలూ పాడైపోయాయి. నాది ఒకటి తీసుకోండన్నాడు రొనాల్డ్. ఇద్దరూ ఒకే అండం నుంచి పుట్టిన అచ్చమైన కవలలేనా అన్నది తేలితే తప్ప కత్తి పట్టకూడదనుకున్నారు పీటర్ బెంట్ బ్రిగామ్ ఆసుపత్రి వైద్యులు. అందుకే వేలిముద్రల్లో పోలికలు వెతికారు. అంతటితో ఆగలేదు. ఒకరి చర్మం ముక్క తీసి మరొకరికి అతికించి, నిలుస్తుందా ఊడిపోతుందా అని వారాల తరబడి కనిపెట్టుకుని కూర్చున్నారు. నిలిచింది. డిసెంబరు 23న డాక్టర్ జోసెఫ్ ముర్రే బృందం అయిదున్నర గంటలపాటు ఆపరేషన్ చేసింది. కొత్త కిడ్నీ ఆపరేషన్ బల్లమీదే పని మొదలుపెట్టేసింది.

రిచర్డ్ తనకు సేవ చేసిన నర్సునే పెళ్లాడాడు. పిల్లలు పుట్టారు. పాత జబ్బే కొత్త కిడ్నీనీ పట్టుకోవడంతో 1963లో కన్నుమూశాడు. ఒక్క కిడ్నీతోనే మిగిలిన రొనాల్డ్ మాత్రం లెక్కల మాస్టారుగా, రైతుగా 79 ఏళ్లు బతికి 2010లో పోయాడు. ముర్రేకు 1990లో నోబెల్ వచ్చింది.

రక్తనాళాలు కలిపి కుట్టే విద్య అప్పటికే సర్జన్ల చేతుల్లో ఉంది. మరి కవలలే ఎందుకు కావాల్సి వచ్చారు? రెండో ప్రపంచ యుద్ధకాలంలో గ్లాస్గోలో జరిగిన ఒక సంగతి చెప్పుకోవాలి. ఒళ్లు కాలిన ఒక యువతికి ఆమె అన్నదమ్ముల్లో ఒకరి చర్మం ముక్కలు అతికించారు. కొన్నాళ్లుండి ఊడిపోయాయి. అదే మనిషి చర్మం రెండోసారి అతికిస్తే... ఈసారి ఇంకా త్వరగా పోయాయి! పీటర్ మెడవార్ అనే శాస్త్రవేత్త దీన్ని దగ్గరగా గమనించాడు. గాయం మానకపోవడం కాదిది, ఒళ్లు గుర్తుపట్టి తరిమేయడమని తేల్చాడు. ఊళ్లోకి కొత్త మనిషి వస్తే వీధికుక్కలు మొరుగుతాయి. ఆ మనిషే మర్నాడు మళ్లీ వస్తే, వీధి మలుపులో ఉండగానే అందుకుంటాయి. రక్తంలోని తెల్లకణాలదీ అదే వరస. అచ్చమైన కవలల మధ్య మాత్రం వాటికి తేడా తెలియదు. కవల సోదరులు లేని వాళ్లెందరికో ఆ రోజుల్లో దారి లేకపోవడానికి కారణమిదే.

మొదట ఎక్స్‌రేలను నమ్ముకున్నారు. ఒళ్లంతటికీ రేడియేషన్ ఇచ్చి తెల్లకణాలను అణచేయాలన్నది ఆలోచన. ఒకరిద్దరు గట్టెక్కినా చాలామందిని ఇన్ఫెక్షన్లు మింగేశాయి.

దారి చూపింది రక్తక్యాన్సర్ మందు. కణానికి అసలు సరుకులాగే కనిపించే నకిలీ సరుకు అందిస్తే అది పెరగలేదన్న సూత్రం అప్పటికే రుజువైంది. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు బృందం లెడర్లీ సంస్థలో తయారుచేసిన నకిలీ ఫోలిక్ ఆమ్లంతోనే రక్తక్యాన్సర్ పిల్లలకు ఊరట దొరికిందని 1948లో లోకానికి తెలిసింది. గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ ఇంకోవైపు నుంచి వచ్చారు. డీఎన్‌ఏ కట్టడానికి కావలసిన ఇటుకలకే నకిలీలు చేశారు. పీహెచ్‌డీ కూడా లేని ఎలియన్ తర్వాత నోబెల్ అందుకున్నారు, అది వేరే కథ. ఆ నకిలీ ఇటుకల్లో ఒకదాన్ని బ్రిటిష్ సర్జన్ రాయ్ కాన్ కుక్కలపై ప్రయత్నించి చూశాడు. పరాయి కిడ్నీ రోజులు కాదు, వారాలు నిలిచింది. దానికి మెరుగైన రూపమే అజథయోప్రిన్. 1962లో చనిపోయిన మనిషి నుంచి తీసిన కిడ్నీ ఈ మందు సాయంతో బోస్టన్‌లో విజయవంతంగా నిలిచింది. దానికి స్టెరాయిడ్ కూడా తోడయ్యాక ప్రపంచమంతా ధైర్యం చేసింది. మన వెల్లూరు సీఎంసీలో తొలి విజయం 1971లో.

అయితే ఆ రోజుల్లో చనిపోయినవారి కిడ్నీల్లో ఏడాది తిరిగేసరికి పనిచేస్తూ ఉండేవి సుమారు సగమే. స్టెరాయిడ్ ఎక్కువై ముఖాలు ఉబ్బిపోయేవి, ఎముకలు గుల్లబారేవి.

అసలు మలుపు మట్టిలో ఉంది. స్విట్జర్లాండ్‌లోని సాండోజ్ మందుల కంపెనీలో ఉద్యోగులకు ఒక అలవాటుండేది. సెలవులకు ఏ ఊరెళ్లినా చిన్న సంచీలో కాస్త మట్టి తేవాలి. అందులోని శిలీంధ్రాల్లో కొత్త యాంటీబయాటిక్ ఏదైనా ఉందేమోనని వెతికేవాళ్లు. 1969లో ఒక ఉద్యోగి నార్వేలోని హార్డాంగర్విడా పీఠభూమి నుంచి అలా తెచ్చిన మట్టిలో దొరికిన బూజు నుంచి వచ్చిందే సైక్లోస్పోరిన్. యాంటీబయాటిక్‌గా అది అంతంతమాత్రం. 1972లో మరో పరీక్షలో మాత్రం ఎలుకల్లో రోగనిరోధక శక్తిని అణచింది, అదీ మిగతా కణాలను చంపకుండానే! వీధికుక్కలను చంపదు, మొరగనివ్వదు. మార్కెట్ చిన్నదని కంపెనీ వెనకాడినా శాస్త్రవేత్త జాన్ బోరెల్ లాంటివాళ్లు వదల్లేదు.

ఇంకో తంటా, ఆ పొడి నీళ్లలో కరగదు. కేంబ్రిడ్జిలో రాయ్ కాన్ దగ్గర పనిచేసిన గ్రీకు యువ సర్జన్ ఆల్కిస్ కోస్టాకిస్‌కు ఇంటి నుంచి అమ్మ ఆలివ్ నూనె పంపింది. మనవాళ్లు ఊరెళ్లే కొడుక్కి ఆవకాయ జాడీ కట్టిచ్చినట్టు. ఆయన మందును ఆ నూనెలో కలిపి చూశాడు. కలిసింది! 1978లో మనుషులకు ఇచ్చారు. జంతువుల్లో కనిపించని చేటు అప్పుడు బయటపడింది. కిడ్నీని కాపాడాల్సిన మందే మోతాదు ఎక్కువైతే కిడ్నీని దెబ్బతీస్తోంది. మోతాదు తగ్గించి, ఇతర మందులతో జోడించి దారికి తెచ్చారు. 1983లో అమెరికా ప్రభుత్వం అనుమతించింది. ఏడాది తర్వాత నిలిచే కిడ్నీలు సుమారు ఎనభై శాతానికి చేరాయి. 1984లో జపాన్‌లోని సుకుబా మట్టిలో ఇంకో మందు దొరికింది. అదే టాక్రోలిమస్. ఇవాళ కిడ్నీ మార్పిడి చేయించుకున్న చాలామంది మాత్రల డబ్బాలో ఉండేది ఇదే.

ఈ మందులతో కాపురం మాత్రం తేలిక కాదు. మోతాదు తగ్గితే ఒళ్లు కిడ్నీపై తిరగబడుతుంది, పెరిగితే కిడ్నీకే హాని, ఇన్ఫెక్షన్ల భయం కూడా. మధ్యలో ఉన్నది సన్నని గట్టు. వీటిని విరిచి బయటికి పంపేది కాలేయం. అక్కడ ఎవరు అడ్డొచ్చినా లెక్క తారుమారవుతుంది. క్షయకు వాడే రిఫాంపిసిన్ మొదలుపెడితే రక్తంలో మందు అమాంతం పడిపోతుంది. కొన్ని యాంటీబయాటిక్‌లతో ఉన్నట్టుండి పెరుగుతుంది. గ్రేప్‌ఫ్రూట్ రసమూ అంతే. పేరు చూసి ద్రాక్ష అనుకునేరు, అది మన పంపర పనసకు చుట్టం. పంపర పనసతోనూ జాగ్రత్తగా ఉండాలి. సైక్లోస్పోరిన్ ఖరీదు మోయలేని రోజుల్లో మనదేశంలో డాక్టర్లు ఈ ఇబ్బందినే ఉపాయంగా మార్చుకున్నారు. బీపీకి వాడే డిల్టియాజెమ్ జతచేసి కాలేయాన్ని కాస్త నెమ్మదింపజేసేవారు. తక్కువ మందే సరిపోయేది. రక్తపరీక్షలు చూస్తూ డాక్టర్లు చేసిన పని అది, ఇంట్లో చేసే ప్రయోగం కాదు.

తెలుగు రాష్ట్రాల్లో 2013 నుంచి ‘జీవన్‌దాన్’ ద్వారా బ్రెయిన్‌డెడ్ అయినవారి అవయవాలు ఎదురుచూసేవారికి అందుతున్నాయి. కిడ్నీ దొరికాక ఇల్లు పండగ చేసుకుంటుంది. ఆకలి పుడుతుంది, డయాలసిస్ బాధ తప్పుతుంది. ఏడాది గడిచాక... బాగానే ఉన్నాను కదా, ఇన్ని మాత్రలెందుకు అనిపిస్తుంది. బాగా ఉన్నది ఆ మాత్రల వల్లే! ఒక పూట మానితే ఏమీ కానట్టే ఉంటుంది. నొప్పి ఉండదు, జ్వరం రాకపోవచ్చు. రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగాక గానీ సంగతి తెలియదు. అమ్మానాన్నల చేతి నుంచి మాత్రల డబ్బా తమ చేతికి వచ్చే పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లల్లో ఈ ముప్పు మరీ ఎక్కువ. దానం చేసిన అమ్మ కిడ్నీ అలా పోగొట్టుకుంటే ఆ ఇంట్లో ఎవరిని ఎవరు ఓదార్చాలి?

కిడ్నీతోపాటు దాత ఎముక మజ్జనూ ఎక్కించి, ఒంటికి కొత్త కిడ్నీ మనదేనని నేర్పే ప్రయత్నాలు బోస్టన్‌లోనే జరిగాయి. కొద్దిమంది మందులు పూర్తిగా మానేసి ఏళ్లపాటు బాగున్నారు. అందరికీ ఆ దారి ఇంకా తెరుచుకోలేదు. అంతవరకూ గడియారమే దిక్కు. టాక్రోలిమస్‌ను ఎక్కువమంది పన్నెండు గంటలకోసారి, రోజూ అదే వేళకు వేసుకుంటారు. రక్తంలో మందు ఎంతుందో చూసే రోజు మాత్రం పొద్దుటి మాత్ర ఇంట్లో వేసుకోకూడదు. వేసుకుంటే లెక్క తప్పుతుంది. జేబులో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లాలి. రక్తం ఇచ్చాక అక్కడే మంచినీళ్లు అడిగి వేసుకోవాలి.