చెవుల్లేని స్క్రిప్టులు

“సంకేతపదం తప్పయితే సర్వరే తిప్పి పంపుతుంది, స్క్రిప్టులో మళ్ళీ ఆ పరీక్ష దేనికి?” అని మొన్న ఒక మిత్రుడు వాదించాడు. ఒకప్పుడు ఇదే వాదన నేనూ చేశాను. అందుకే దీన్ని ఖండించే అర్హత నాకుందనుకుంటాను.

ఎక్స్‌పెక్ట్ మీలో చాలామందికి తెలిసినదే. 1990లో డాన్ లైబ్స్ లోకానికిచ్చిన పనిముట్టు. దూరపు యంత్రం అడిగినదానికి మనిషికి బదులు తానే జవాబు టైపు చేస్తుంది. ఎదురుచూడడం దాని పేరులోనే ఉంది. మరి మనం రాసేదేమిటి? సంకేతపదం పంపు, డాలరు గుర్తు కోసం చూడు, ఆదేశం పంపు, మళ్ళీ డాలరు కోసం చూడు, ఎగ్జిట్ పంపు. అంతా శుభమే జరుగుతుందన్న భరోసా!

సంకేతపదం మారిన రోజున ఏమవుతుందో చూడండి. ఎస్.ఎస్.హెచ్. కాదని చెప్పి రెండోసారి అడుగుతుంది. డాలరు గుర్తు రాదు. టైమౌట్‌కు మనమేమీ రాయకపోతే ఎక్స్‌పెక్ట్ 10 సెకన్లు చూసి, చప్పుడు చేయకుండా తరువాతి వరుసకు పోతుంది. మన ఆదేశాన్నే సంకేతపదంగా అప్పజెబుతుంది. మరో 10 సెకన్లకు ‘ఎగ్జిట్’ను కూడా. ఒక తప్పు మూడయింది. ఎస్.ఎస్.హెచ్. తలుపు వేసేస్తుంది. స్క్రిప్టు మాత్రం సున్నాతో, అంటే విజయంతో, ముగుస్తుంది!

నా స్క్రిప్టు ఇలాగే అరగంటకోసారి నడిచేది. ఐదు తప్పులకు ఖాతా మూతపడే నియమమున్న చోట రెండో విడతకే దాన్ని మూయించింది. ఆ రాత్రి డిస్కు నిండిపోయింది. సరిచేయవలసిన సహోద్యోగి అదే ఖాతాతో లోపలికి పోలేక తెల్లవార్లూ పడిగాపులు కాశాడు. తిట్లు తిన్నది అతను. తప్పు నాది.

తిరస్కారం కూడా జవాబే. ‘పర్మిషన్ డినైడ్’ వస్తే అక్కడికక్కడే ఆగాలి. సంకేతపదం పంపకముందే టైమౌట్ అయితే కాసేపాగి మరొకసారి ప్రయత్నించవచ్చు. మనల్ని ఇంకా ఎవరూ కాదనలేదు. ఈఓఎఫ్ వస్తే అవతలివైపు తెగిపోయిందని అర్థం. మూడింటికీ వేర్వేరు దారులుండాలి, వేర్వేరు ముగింపు సంఖ్యలుండాలి. వాటిలో ఏదీ సున్నా కాకూడదు.

“తాళంచెవులు వాడితే ఈ గొడవే లేదు కదా” అంటారు. వీలున్న చోట తప్పక వాడండి. బ్యాచ్‌మోడ్ కూడా పెట్టండి, సంకేతపదం అడగనే అడగదు. కానీ ఆ తాళంచెవినీ ఒకనాడు ఎవరో తీసేస్తారు. ఆనాడు ఎస్.ఎస్.హెచ్. ఇచ్చే 255ను పట్టించుకోని స్క్రిప్టుకు తాళంచెవి ఉన్నా చెవులు లేనట్టే.

వద్దన్న ఇంటి తలుపును పదేపదే బాదేవాణ్ణి ఊళ్ళో ఏమంటారో మీకు తెలుసు. మనం వాడికి మన పేరు పెట్టి మరీ పంపుతున్నాం.